పాత రైఫిల్ చెక్కకు మెరుగు పెట్టే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తాతల నాటి రైఫిళ్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు చెల్లుబాటులో ఉంటేనే పనికి పూనుకోండి.

• తూటా లేదని కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. ఎవరో చెప్పారని నమ్మవద్దు.

• ఇనుప భాగాలు విప్పడం లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు పని. ఎంత నేర్పరి అయినా వీధి వడ్రంగికి తుపాకీ అప్పగించకూడదు.

• చెక్కపై పాత ముద్రలు, అంకెలు ఉంటే ముందు ఫొటో తీసుకోండి, ఆ చోట ఉప్పుకాగితం ఆడించకండి. అరిగిన ముద్ర మళ్లీ రాదు. చిన్న నొక్కులకు రాపిడి అక్కర్లేదు. తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె వేడి ఆనిస్తే ఆవిరికి చెక్క చాలావరకు పైకి లేస్తుంది.

• పాత పూత తీయడానికి కాస్టిక్ సోడా వద్దు, చెక్క నల్లబడుతుంది. పెయింట్ రిమూవర్ అయితే ఆరుబయట, చేతి తొడుగులతో వాడండి. మూసిన గదిలో ఆ ఆవిరి ప్రాణం తీయగలదు.

• అన్నిటికంటే నాకు భయం చెక్కకు పూత వేసే అవిసె నూనె గుడ్డలంటే. నూనె గాలి పీల్చుకుని ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూలన పడేస్తే నిప్పుపుల్ల లేకుండానే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఒక్కొక్కటిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూతడబ్బాలో పెట్టండి.

• శ్రావణంలో మొదలుపెట్టవద్దు. మహేంద్రగిరి కొండల తేమకు పూత జిగటగానే ఉండిపోతుంది, సంక్రాంతి తర్వాత నయం.