ఫైలు జరిపితే హిస్టరీ పోయిందా? గిట్‌లో సమస్య - పరిష్కారం

సమస్య

"అన్నా, బిల్లింగ్ ఫైలు హిస్టరీ అంతా ఏటైపోయింది?" రుషికొండ ఐటీ హిల్స్‌లో మా పక్క సీటు తమ్ముడు ఈ మాట అన్నప్పుడు గొంతు వణికింది. ముందురోజు సాయంత్రం ఫోల్డర్లన్నీ సర్ది, పుష్ చేసి (అందరూ వాడే సర్వర్‌కి పంపి) మధురవాడ రూముకి వెళ్లిపోయాడు. గిట్ అంటే కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. పొద్దున్నే ఆ ఫైలుకి గిట్ లాగ్ (మార్పుల జాబితా చూపే కమాండ్) కొడితే నాలుగేళ్ల కమిట్లు (మార్పుల నమోదులు) లేవు. ఒకే ఒక్కటి: "ఫోల్డర్లు సర్దాను".

కంగారు పడకండి, పాత కమిట్లు ఎక్కడికీ పోవు.

కారణం

"ఈ ఫైలు ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లింది" అని గిట్ ఎక్కడా రాసుకోదు. ప్రతి కమిట్‌కీ ప్రాజెక్టు అప్పుడెలా ఉందో దాచుకుంటుంది, అంతే. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ సబ్‌వెర్షన్‌లో అలా కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నమోదవుతుంది. అందుకే దాన్నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. గిట్ మనం అడిగినప్పుడే పోయిన ఫైలునీ, కొత్తగా వచ్చిన ఫైలునీ పోల్చి చూస్తుంది. మనం ఆ హద్దు మార్చకపోతే, కనీసం 50 శాతం పోలిక ఉంటేనే పేరు మారిందని చెబుతుంది. ఫైలు జరిపే గిట్ ఎంవీ కమాండ్ వాడితే చాలు, హిస్టరీ భద్రం అనుకోవడం పొరపాటు. అది ఫైలుని జరపడం, ఆ మార్పుని కమిట్‌కి సిద్ధం చేయడం (యాడ్) ఒకేసారి చేసిపెడుతుందంతే.

తమ్ముడు ఫైలు జరుపుతూనే ఫంక్షన్ల పేర్లు మార్చాడు, ట్యాబులు తీసి స్పేసులు పెట్టాడు. ఆ కమిట్‌లో ఏ ఫైళ్లు ఏమయ్యాయో చూపే గిట్ షో --సమ్మరీ కొట్టించాను. "రీనేమ్" అని రావాల్సిన చోట ఒక "డిలీట్", ఒక "క్రియేట్" కనిపించాయి. పోలిక 50 శాతం దాటలేదన్నమాట.

పరిష్కారం

ముందు, పేరు మారినా ఫైలుని వెనక్కి వెతికే గిట్ లాగ్ --ఫాలో వాడండి. జరిపినప్పుడు పెద్దగా మార్చకపోతే దీంతోనే తేలిపోతుంది. ఇది ఒక్కో ఫైలుకే పనిచేస్తుంది. ఫోల్డరైతే రెండు హైఫన్ల తర్వాత పాత దారి, కొత్త దారి రెండూ ఇవ్వండి.

మా కేసులో అదీ చాల్లేదు. అప్పటికే అందరూ ఆ కమిట్‌ని తమ కంప్యూటర్లలోకి పుల్ చేసేసుకున్నారు కాబట్టి కమిట్‌ని తిరగరాయొద్దన్నాను. --ఫాలోకి -ఎం30% (-M30%) కలిపి, అంటే పోలిక హద్దుని 30 శాతానికి తగ్గించి కొట్టాం. పాత కమిట్లు వరసగా దిగాయి, అట్టడుగున ఆ ఫైలు పుట్టిన రోజుదాకా. తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాడు.

పెద్ద ఫైలుని ముక్కలు చేశారా? గిట్ బ్లేమ్ -సీ (పెద్ద అక్షరం C), ఆ లైన్లు మొదట ఏ ఫైల్లో, ఎవరి చేతి మీదుగా వచ్చాయో చూపిస్తుంది.

ఇంకా పుష్ చేయకపోతే ఆ కమిట్‌ని విప్పి రెండుగా చేయండి. మొదటి దాంట్లో జరపడం ఒక్కటే, అక్షరం కూడా ముట్టుకోవద్దు. కొత్త దారికి తగ్గట్టు ఇంపోర్టులు (ఒక ఫైలు మరో ఫైలుని పిలిచే లైన్లు), మిగతా మార్పులు రెండోదాంట్లో. మధ్యలో బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడం) ఒక్క కమిట్ పాటు విరిగినా ఫర్వాలేదని నా అభిప్రాయం. వీటిని ప్రధాన కోడ్‌లో మెర్జ్ చేసేవాళ్లకి (కలిపేవాళ్లకి) మాత్రం ముందే చెప్పండి: స్క్వాష్ బటన్ నొక్కితే ఆ రెండూ మళ్లీ ఒకటైపోతాయి.