హెవీ మెటల్ కోసం పాత స్పీకర్లు: వినిపించే లోపం, దాని మూలం, మరమ్మతు

హెవీ మెటల్ వినడానికి 1970లు, 1980ల నాటి స్పీకర్లు కొనేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. ఈ సంగీతంలో గిటారు ధ్వనిని కావాలనే డిస్టార్షన్‌తో, అంటే గరుకు వక్రీకరణతో నింపుతారు కనుక, స్పీకరులోని గరగర అందులో కలిసిపోయి, అమ్మేవారి ఇంట్లో అరగంట విన్నా బయటపడదు. అందుచేత మొదట గొంతు, పియానో మాత్రమే ఉన్న పాటను ఒక్కో స్పీకరు పెట్టెలో విడివిడిగా వినాలి. మెటల్ పాట వంతు ఆ తర్వాతే.

బాస్ స్వరం పడినప్పుడల్లా బరబరమంటోంది

ఎక్కువసార్లు దీనికి కారణం ఊఫర్ (బాస్ పలికించే పెద్ద డ్రైవర్) కోను, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గరాటులాంటి భాగం, చుట్టూ ఉండే ఫోమ్ అంచు. పాలియురెథేన్ ఫోమ్ గాలిలోని తేమకు పదిహేను ఇరవై ఏళ్లలో పొడిబారి రాలిపోతుంది కనుక, విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వాడిన పెట్టెలను మరింత జాగ్రత్తగా చూడాలి. ముందు జాలీ తీసి వేలితో సుతారంగా తాకితే సంగతి తెలిసిపోతుంది. అదే కొలత, అదే మెత్తదనం గల కొత్త అంచును అతికిస్తే సరిపోతుంది. ఇది బేరమాడడానికి కారణమే తప్ప, వదులుకోవడానికి కాదు. జేబీఎల్ కంపెనీ ఎల్‌100 మోడల్ ఊఫర్‌కు గుడ్డ అంచు ఉంటుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు.

అంచు బాగానే ఉండి, కోను చుట్టూ వేళ్లు సమదూరంలో ఆనించి మెల్లగా నొక్కినప్పుడు లోపల గీరుకుంటున్న చప్పుడు వస్తే, వాయిస్ కాయిల్ (కోనును కదిలించే తీగచుట్ట) కాలి ఉబ్బిందనో, పక్కకు ఒరిగిందనో అర్థం. దీనికి రీకోనింగ్, అంటే కోను, కాయిల్ కొత్తవి వేయించడం, ఒక్కటే దారి. అసలు విడిభాగాలు దొరకని మోడల్ అయితే నేను కొనను.

డబుల్ బాస్ డ్రమ్ దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి

రెండు కాళ్లతో వాయించే ఈ డ్రమ్‌లో నిమిషానికి 200 బీట్ల వేగంలో బీటుకు నాలుగు దెబ్బలు పడితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య 75 మిల్లీసెకన్లే ఉంటాయి. ముందుగా పెట్టెలను గది మూలల నుంచి అర మీటరైనా ముందుకు జరపండి. చాలామందికి ఇక్కడే సమస్య తీరిపోతుంది. తీరకపోతే, మూసిన పెట్టె (గాలి రంధ్రం లేనిది) అయిన పక్షంలో ఊఫర్‌ను నొక్కి వదలాలి. కోను నింపాదిగా వెనక్కి రాకుండా చటుక్కున వస్తే గాలి ఎక్కడో కారుతోందన్నమాట. ఊఫర్ గ్యాస్కెట్‌నూ (పెట్టెకూ ఊఫర్‌కూ మధ్య బిగింపు పట్టీ), వెనుక వైర్లు బిగించే టెర్మినళ్ల చుట్టూ ఉన్న సందులనూ మూయించాలి. మెటల్‌కు పదిహేను అంగుళాల ఊఫర్ తప్పనిసరి అనే మాటను నేను ఒప్పుకోను. మామూలు ట్యూనింగ్‌లో బాస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడిదాకా శుభ్రంగా దిగే పన్నెండు అంగుళాలది చాలు.

రెండు పెట్టెలూ కలిపి మోగిస్తే బాస్ మాయమవుతోంది

ఒక పెట్టెకు వైర్లు తారుమారై ఉంటాయి, మార్చి బిగించండి. సరిచూసుకోవడానికి టెర్మినళ్లకు 1.5 వోల్టుల బ్యాటరీ తాకించి చూసేటప్పుడు రెండు కోన్లూ ఒకే వైపు కదలడమే ముఖ్యం, ఎందుకంటే పాత జేబీఎల్ డ్రైవర్లలో ఎర్ర టెర్మినల్‌కు పాజిటివ్ ఇస్తే కోను లోపలికే పోతుంది.

ఒక వైపు సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) మొద్దుబారాయి

ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికించే చిన్న డ్రైవర్) నాబ్‌ను ఇటూ అటూ తిప్పినప్పుడు చిటపటలాడుతూ ధ్వని వచ్చిపోతుంటే, లోపల తుప్పు పట్టింది. కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. నాబ్ నిర్దోషి అయితే ట్వీటర్‌ను క్రాస్‌ఓవర్ (స్వరాలను డ్రైవర్లకు పంచే సర్క్యూట్) నుంచి విడదీసి మల్టీమీటరుతో కొలవాలి: ఎనిమిది ఓమ్‌లదైతే సుమారు ఆరు చూపుతుంది, అసలేమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే. అదీ బాగుంటే క్రాస్‌ఓవర్‌లోని వయసు మళ్లిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను అనుమానించాలి. వాటిని అదే మైక్రోఫారడ్ విలువతో రెండు పెట్టెల్లోనూ ఒకేసారి మార్పించాలి, లేకుంటే మొద్దుబారడం ఈ వైపు నుంచి ఆ వైపుకు మారుతుందంతే.