చేనేత మేళాలో చీర కొనే ముందు: పుట్టపాక, గద్వాల, నారాయణపేట

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నుంచి బతుకమ్మ, దసరా దాకా చేనేత మేళాల సీజన్. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మేళా పడితే పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం జనం ఎక్కువుంటారు, చీర పూర్తిగా విప్పి చూపించే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా గుడారంలో లైట్ల కింద మెరూన్, వంకాయ రంగు ఒకటేలా కనిపిస్తాయి. చీరను బయటికి, ఎండ వెలుగులోకి పట్టుకొచ్చి చూడనివ్వని స్టాల్ దగ్గర రంగు చీర కొనకండి. వెంట ఒక టేపు, తడిపిన తెల్ల చేతిరుమాలు, చిన్న భూతద్దం ఉంటే చాలు.

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కత్‌లోనే. నేయకముందే పోగులకు ముడులు కట్టి (దీన్నే చిటికి కట్టడం అంటారు) రంగులద్ది, ఆ పోగులతోనే డిజైన్ వచ్చేలా నేసేది ఇక్కత్. పోచంపల్లి డిజైన్‌ను బట్ట మీద అచ్చుకొట్టి అసలు ధరకే అమ్మేస్తారు. వెనక వైపు వెలిసినట్టుంటే ప్రింటు అని అందరూ చెప్పే మాట నిజమే. కానీ ఇప్పటి ప్రింట్లు పలచటి బట్ట మీద రెండో వైపుకూ దిగుతున్నాయి కాబట్టి అదొక్కటే చూసి తేల్చుకోవద్దు. కొంగు చివర కత్తిరించకుండా వదిలిన పోగులుంటాయి. అందులో ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకొని పురి విప్పండి. చిటికి కట్టి అద్దిన పోగైతే రంగు లోపలి దాకా పట్టి ఉంటుంది. ప్రింటైతే పైన రంగు, లోపల తెలుపు. డిజైన్ మధ్యలో సూదితో ఒక పోగును కాస్త పైకి లేపి చూసినా అంతే. పడుగూ పేకా (నిలువు, అడ్డం పోగులు) ఒకదాని కింద ఒకటి దూరిన చోట ప్రింటులో తెల్ల చుక్కలు బయటపడతాయి. భూతద్దం అందుకే.

ఇక్కత్‌లో పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు. కాస్త చెదిరినట్టు, రంగు పక్కకు జరిగినట్టు ఉంటుంది. అద్దకంలో ముడి కింద కొంచెం రంగు పారడం వల్లా, నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరగడం వల్లా అలా వస్తుంది. అది లోపం కాదు. పేక మీద చిటికి కట్టిన చీరైతే అంచుల్లో పోగు చిన్న ఉంగరంలా వదులుగా కనిపిస్తుంది. డిజైన్ కలిసేలా నేతగాడు ప్రతి పేకనూ అటో ఇటో సర్దుతాడు, ఆ మిగులే అది.

తర్వాత అడగాల్సింది: చిటికి పడుగు మీదా, పేక మీదా, రెండింటి మీదా? ధరలో అసలు తేడా ఇక్కడే. డబుల్ ఇక్కత్ అని చెబితే డిజైన్ ఉన్న చోటే ఒక నిలువు పోగు, ఒక అడ్డపోగు లేపి చూడండి. రెండింటిలోనూ రంగులు మారుతూ ఉండాలి. ఒకటి మొత్తం ఒకే రంగుదైతే అది సింగిల్, ధర కూడా సింగిల్‌దే ఇవ్వాలి. చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. ఆసు మిషన్ మీద పోసిన చీర చేనేత కాదనుకోవద్దు. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆ బాధ తప్పించడానికే మిషన్ తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మిషన్ చేసేది ఆసు వరకే, నేత మగ్గం మీద చేత్తోనే.

పుట్టపాక తేలియా రుమాలు కొనాలంటే ముక్కుకు పని చెప్పండి. నూలును ఆముదం కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. ఎరుపు బాగా పట్టేది దాని వల్లే. కొత్త బట్టకు ఆ నూనె వాసన ఉంటుంది. పాత పద్ధతిలో రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. దీనికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గద్వాల సీకో చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండూ కలిసే చోటే దాని బలం, బలహీనత. కుప్పడం పద్ధతిలో అంచు పేక, ఒంటి పేక ప్రతి వరుసలో ఒకదానికొకటి మెలిపడతాయి. ఆ కలుపును రెండు చేతులా పట్టి మెల్లగా లాగండి, వెలుగుకు అడ్డం పెట్టండి. వరుసగా సందులు కనిపిస్తే పక్కన పెట్టేయండి. అంచును విడిగా నేసి కుట్టిన చీరలూ గద్వాల పేరుతో తిరుగుతుంటాయి. తిప్పి చూస్తే కుట్టు దారం పట్టిస్తుంది. కొంగు మొదలయ్యే చోట కూడా ఇలాగే చూడండి.

ఈ చీర ఇంటికెళ్లాక పాడయ్యేది మొదటి ఉతుకులోనే. నూలు కుదించుకుపోతుంది, పట్టు అంతగా పోదు, దాంతో అంచు పొడవునా ముడతలు తేలతాయి. ఇస్త్రీతో అవి పూర్తిగా పోవు. మొదటిసారి డ్రైవాష్‌కే ఇవ్వండి.

నారాయణపేట చీరలకు సాధారణంగా ఒక్క పడుగు మీద 8 చీరలు దిగుతాయి. కాబట్టి "ఇది ఒక్కటే పీస్ అమ్మా" అంటే తొందరపడకండి, దానికి అక్కచెల్లెళ్లు ఉంటాయి. ముదురు అంచు మీద తడి చేతిరుమాలు పదిసార్లు రుద్ది, అంటిన రంగు చూడండి. కొద్దిగా అంటితే ఫర్వాలేదు, మొదట రెండు మూడుసార్లు చల్లనీళ్లలో విడిగా జాడిస్తే పోతుంది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్నది వట్టి మాట. నానబెట్టడం వల్లే ఎరుపు పోయి తెలుపు మీద కూర్చుంటుంది.

మార్కుల సంగతి. సిల్క్ మార్క్ అంటే పట్టు అసలుదని మాత్రమే, మగ్గం మీద నేశారని కాదు. సాంచె (పవర్‌లూమ్) మీద నేసిన పట్టుకూ అది ఉండొచ్చు. చేత్తో నేశారనడానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరు. రెండూ అడగండి. అనుమానం తీరకపోతే కొంగు పోగులు రెండు అడిగి తీసుకొని, గుడారానికి దూరంగా వెళ్లి కాల్చండి. చుట్టూ బట్టలున్న చోట అగ్గిపుల్ల గీయకండి. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడవుతుంది. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. ప్లాస్టిక్ జరీ కూడా అంతే.

డబ్బులిచ్చే ముందు టేపు పెట్టి కొలవండి. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో 6.3 దాకా రావాలి. బిల్లు మీద సొసైటీ పేరో నేతగాడి పేరో, ఊరు, సింగిలో డబులో, నూలో సీకోనో రాయించుకోండి. మేళా ఎత్తేశాక ఆ స్టాల్ అక్కడ ఉండదు, చీర మార్చుకోవాలంటే ఆ కాగితమే దారి.