కాగితం కుందేలు చేయించే ముందు

చిన్నపిల్లలతో కాగితం కుందేలు చేయించాలంటే మన భయమంతా కత్తెర మీదే. నిజానికి కత్తెర పట్టుకున్నంతసేపూ మనం కళ్లు తిప్పం. అసలు టెన్షన్ బల్ల మీంచి దొర్లిపోయే కన్నుతో. అదే, కుందేలుకు అతికించే ప్లాస్టిక్ కన్ను, నల్లగుడ్డు గలగలా ఆడుతుందే, అది.

3 ఏళ్లలోపు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పెద్దది బొమ్మ చేస్తుంటే పక్కనే పాకే చిన్నవాడుంటే మరీ జాగ్రత్త. కన్ను, పూస, తోకకు పెట్టే దూది ఉండ, ఏదైనా గొంతుకు అడ్డం పడొచ్చు. అనుమానముంటే టిష్యూ రోల్ లోపలి అట్టగొట్టంలో వేసి చూడండి. అందులో పట్టిందంటే పసివాళ్లకు అందకూడదు. ముక్కులో దూర్చుకుంటే మీరు వేలు పెట్టి లాగబోకండి, ఇంకా లోపలికి పోతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కళ్లు ముందూ తర్వాతా లెక్కపెట్టడం నాకు అలవాటు. ఓసారి ఒకటి తగ్గింది. బల్ల కింద, కుర్చీ కింద వెతికి చెమటలు పట్టాక కనబడింది. పిల్లదాని మోచేతికి అతుక్కుని నన్నే చూస్తోంది! అప్పట్నుంచి మా ఇంట్లో స్కెచ్ పెన్ను కళ్లే. ఒకటి పెద్దది, ఒకటి చెంప మీదకి జారినది. అవే ముద్దొస్తాయి.

కత్తెర మొన గుండ్రంగా ఉండాలి గానీ, మరీ మొద్దుది వద్దు. కాగితం తెగక నలుగుతుంటే పిల్లలు బలమంతా పెడతారు, చెయ్యి జారుతుంది. కూర్చునే కత్తిరించాలి. గుండ్రటి ముఖం కత్తిరించేటప్పుడు కాగితాన్ని తిప్పడం నేర్పండి. కత్తెరను తిప్పితే మొన తమవైపే వస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఎడమచేతి కత్తెరే ఇవ్వండి, మామూలు దాంతో వాళ్లకు గీత సరిగా కనిపించదు.

అతికించడానికి గమ్ స్టిక్ చాలు. సూపర్ గ్లూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. వేళ్లు అంటుకుంటే పీకొద్దు, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. స్టేప్లర్ కొడితే పిన్ను కొనల మీద టేపు వేయండి. మెరుపుల పొడి నా ఓటైతే వద్దనే. కంట్లో పడితే నలపనివ్వకుండా నీళ్లతో కడగండి.

చివర్లో ఆ ముఖాన్ని మాస్కులా కట్టమంటారు, తప్పకుండా అంటారు. మెడకు దారం కట్టొద్దు. పుల్ల పిడీ వద్దు, పట్టుకుని పరిగెడతారు. కింద ఓ అట్టముక్క అతికించి చేతికివ్వండి. పడినా అదే వంగిపోతుంది.