పరిశోధన వార్తను నమ్మేముందు ఏం చూడాలి?

'తాజా అధ్యయనంలో వెల్లడైంది' అంటూ ఆరోగ్య వార్త కనిపించినప్పుడు, ముందుగా దాని మూల పరిశోధన పత్రాన్ని వెతకాలి. చాలా వైద్య పత్రాల సారాంశాలు పబ్‌మెడ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఎంతమంది మీద, ఎంతకాలం, దేనితో పోల్చి చూశారో తెలియకుండా ఫలితం గురించి వాదించుకోవడం వృథా.

డార్క్ చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందని 2015లో ఒక పత్రం వెలువడి, అనేక దేశాల పత్రికలకెక్కింది. అవి ఎంత తేలిగ్గా మోసపోతాయో చూపడానికే జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు మరికొందరితో కలిసి దాన్ని జర్మనీలో తయారుచేశాడు. ప్రయోగం నిజంగానే జరిగింది. కానీ చివరిదాకా నిలిచినవారు 15 మందే. వారిని మూడు బృందాలుగా విడదీసి, మూడు వారాల పాటు బరువు, కొలెస్ట్రాల్, నిద్ర వంటి 18 అంశాలను కొలిచారు. ఇన్ని కొలిచినప్పుడు, అసలు ఏ ప్రభావమూ లేకపోయినా, ఏదో ఒకదానిలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం సుమారు 60 శాతం ఉంటుంది. కనబడినదాన్ని శీర్షికకెక్కిస్తే సరిపోతుంది.

అందుకే, ఏం తేలిందో చూసేముందు, ఏం కొలుస్తామని మొదట చెప్పారో చూడాలి. మన దేశంలో మందుల ప్రయోగాలను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ)లో ముందుగా నమోదు చేయాలన్న నిబంధన 2009 జూన్ నుంచి అమలులో ఉంది. పత్రంలోని సీటీఆర్ఐ సంఖ్యతో ఆ వెబ్‌సైటులో వెతికితే నమోదు తేదీ, ప్రధానంగా కొలవదలచిన అంశం కనిపిస్తాయి. రిజిస్ట్రీలో ఒకటి, పత్రంలో మరొకటి ప్రధానాంశంగా ఉండి, ఆ మార్పుకు కారణం చెప్పకపోతే అనుమానించడం సబబే.

పేరున్న వైద్య పత్రికలో వచ్చిందన్న భరోసా కూడా చాలదు. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడిన కోవిడ్ రోగుల్లో మరణాలు ఎక్కువన్న పత్రం 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు అన్న అంకెలు చూసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం తన ప్రయోగంలో ఆ మందును కొన్నాళ్లు నిలిపివేసింది. సమాచారం సమకూర్చిన సర్జిస్ఫియర్ కంపెనీ దాన్ని స్వతంత్ర పరిశీలకులకు చూపకపోవడంతో, జూన్ 4న ఆ పత్రాన్ని ఉపసంహరించారు. ఆ మందు కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడదని తర్వాత బ్రిటన్‌లోని 'రికవరీ' అనే ప్రయోగంలో తేలింది గానీ, అంతమాత్రాన ఈ పత్రానికి విలువ రాదు. ఉపసంహరించిన పత్రాలకు పబ్‌మెడ్‌లో ఆ సూచన కనిపిస్తుంది. ఇక డబ్బు తీసుకుని పత్రాలు అచ్చేసే, నిపుణుల సమీక్ష పేరుకే ఉండే పత్రికల సంగతి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ రచయితలను ఇలాగే మభ్యపెట్టినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

నమ్మదగిన పత్రాన్ని కూడా జాగ్రత్తగానే చదవాలి. అదే రికవరీ ప్రయోగంలో, వెంటిలేటర్‌పై ఉన్నవారిలో 28 రోజుల్లోపు మరణాలు మామూలు చికిత్సతో వందకు 41 కాగా, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఇచ్చినప్పుడు 29. ఏ బృందంలోకి ఎవరు వెళ్లాలన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు గనుక ఈ తేడాను మందుకే ఆపాదించవచ్చు. అయితే ఆక్సిజన్ అవసరం లేనివారికి ఆ మందు వల్ల ప్రయోజనం కనబడలేదు. 'మరణాలు మూడో వంతు తగ్గాయి' అన్న శీర్షికతో ఆగిపోయినవారికి ఇది తెలియదు. స్వల్ప లక్షణాలతో ఇంట్లో ఉన్నవారు కూడా స్టెరాయిడ్లు వాడిన ఉదంతాలు 2021లో మన దగ్గర ఎన్నో చూశాం.