లాటిస్ డైనమిక్స్ కిట్: గ్రాఫు వంగకపోయినా, సిగ్నల్ ఆగిపోయినా

అనంతపురం, కడప వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు వెళ్లేవాళ్లు, కిట్ చెడిపోయిందని అటెండరును పిలిచే ముందు ఇది చూడండి. స్ఫటికంలో పరమాణువుల కంపనాలను ఇండక్టర్లు, కెపాసిటర్ల లైనుతో చూపించే కిట్ ఇది. లెక్కలన్నీ పది సెక్షన్ల లైనుకు, ఒక్కో సెక్షన్‌లో: ఇండక్టర్ 1 మిల్లీహెన్రీ, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్. ఇక్కడ కెపాసిటరే పరమాణువు బరువు. ఇండక్టెన్స్ తగ్గితే స్ప్రింగు బిగుసుకున్నట్టు.

గ్రాఫు సరళరేఖలాగే ఉంది
గ్రాఫు అంటే సెక్షన్‌కు ఎంత ఫేజు మారిందో అడ్డంగా, ఫ్రీక్వెన్సీ నిలువుగా. 10 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆపేసి ఉంటారు. అక్కడ ఒక తరంగం పది సెక్షన్ల పొడవుంటుంది, దానికి పరమాణువులు విడివిడిగా తెలియవు. ఆ వాలే స్ఫటికంలో ధ్వని వేగం. ఇంకా పైకి వెళ్లండి.

చివరి పాయింట్లు దొరకడం లేదు
లిస్సాజూ బొమ్మ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ కలిపితే ఆసిలోస్కోపు తెరపై వచ్చే ఆకారం) గీతగా మారిన ప్రతిసారీ మొత్తం ఫేజు 180 డిగ్రీలు పెరిగినట్టు. మొదటి గీత 5 కిలోహెర్ట్జ్ దగ్గర, రెండోది 9.8 దగ్గర వస్తాయి. ఎనిమిది, తొమ్మిది, పది మాత్రం 30.3, 31.4, 31.8 దగ్గర ఇరుక్కుంటాయి. డయల్ 0.1 చొప్పున తిప్పండి. ఎండాకాలంలో పాత జెనరేటర్ డయల్ జారుతుంది, కౌంటర్ రీడింగే రాయండి. ఈ ఇరుకే అసలు సంగతి: ఫేజు ఎంత మారినా ఫ్రీక్వెన్సీ కదలడం లేదంటే గ్రూప్ వెలాసిటీ (శక్తి ప్రయాణించే వేగం) సున్నాకు చేరుతోంది, శక్తి ముందుకు పోవడం లేదు. పక్కపక్క పరమాణువులు ఎదురెదురుగా ఊగుతూ నిలబడిపోతాయి. 31.8 దాటాక అవుట్‌పుట్ పడిపోవడం లోపం కాదు, జోన్ అంచు, అంటే తరంగం సాగగల హద్దు.

ఫ్రీక్వెన్సీ మార్చేకొద్దీ అవుట్‌పుట్ ఎగుడుదిగుడుగా ఉంది
చివర 100 ఓమ్‌ల రెసిస్టర్ లేక తరంగం వెనక్కి తిరుగుతోంది. పెట్టండి. 30 పైన మాత్రం ఏ ఒక్క రెసిస్టరూ పూర్తిగా కుదరదు, కాస్త తేడా మామూలే.

రెండు రకాల పరమాణువుల లైనులో మధ్యలో సిగ్నల్ లేదు
కెపాసిటర్లను ఒకటి విడిచి ఒకటి 0.05 మైక్రోఫారడ్ చేస్తే (0.1వి రెండు సిరీస్‌లో కలపండి) 22.5 నుంచి 31.8 కిలోహెర్ట్జ్ దాకా ఖాళీ వస్తుంది. కింది అంచున బరువైనవే ఊగుతాయి, పై అంచున తేలికైనవే. ఆ నడుమ ఏ తరంగమూ సాగదు.

అందరూ తప్పేది ఇక్కడే: ఖాళీ దాటాక గీతల్ని మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారు, ఆప్టికల్ శాఖ (ఖాళీకి పైనున్న గ్రాఫు ముక్క) సున్నా నుంచి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. ఐదు గీతలు అప్పటికే అయిపోయాయి, తర్వాతిది ఆరోది. రెండు సెక్షన్లు కలిపి ఒక సెల్. ఆరో గీత దగ్గర సెల్‌కు 216 డిగ్రీలు. దాన్ని 360 నుంచి తీసేసి 144 దగ్గర గుర్తించండి. శాఖ 39 కిలోహెర్ట్జ్ దగ్గర, సున్నా ఫేజుకు చేరుతుంది.