కోతలకు ముందు గ్రైండర్ రాయి ఊగుతోందా?

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి వరి కోతలు దగ్గరపడేసరికి నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వెల్డింగ్ షాపులకు గొడ్డళ్లు, కొడవళ్లు, గడ్డి కోసే యంత్రాల కత్తులు వరస కడతాయి. వానాకాలమంతా మూలన పడి ఉన్న, కత్తులు సానపట్టే బెంచి గ్రైండర్‌కు స్విచ్ వేయగానే బల్ల అదురుతుంది. చాలామంది వెంటనే రాయి అంచును గీకి గుండ్రం చేసే డ్రెస్సర్ అందుకుంటారు. నేనైతే ముందు ప్లగ్గు పీకుతాను.

ఆరంగుళాల రాయి నిమిషానికి 2,850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 80 కిలోమీటర్లు. పగిలిన ముక్క ఎటు పోతుందో చూసే వ్యవధి కూడా ఉండదు.

రాయిని విప్పండి. ఎడమ పక్క నట్టుకు మర తిరగేసి ఉంటుంది, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. అది తెలియక బలం చూపి బిగించేసేవాళ్లే ఎక్కువ. పొడిగా ఉన్న రాయిని వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకు కాస్త లోపల మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే. ఖంగుమంటే సరే. బొదబొదమంటే పగులున్నట్టే, ఎంత కొత్తదైనా పారేయండి. తడిసిన రాయి కూడా సరిగా పలకదు. ఒకసారి మా షాపు రేకుల కప్పు కారి రాయి మీద చుక్కలు పడ్డాయి. ఆ నీరంతా కిందికి దిగి ఒక సగం బరువెక్కింది. నేను షాఫ్ట్ వంగిందనుకొని సగం రోజు వృథా చేశాను.

బిగించాక రాయి ముందు పనిముట్టు ఆనించే రెస్టు మీద పెన్సిల్ ఆనించి రాయిని చేత్తో తిప్పండి. పక్కలకు ఊగితే తప్పు సాధారణంగా రాయిది కాదు, దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టే వాషర్లది. చవక గ్రైండర్లలో ఇవి పలచని రేకుతో వస్తాయి, అంచున పొక్కు ఉంటే రాయిని వంకరగా పట్టుకుంటాయి. పొక్కు ఆకురాయితో తీసి, రెండు పక్కలా అట్ట బిళ్లలు ఉన్నాయో లేదో చూడండి. రాయిని షాఫ్ట్ మీద పావు చుట్టు తిప్పి మళ్లీ బిగించినా ఊగుడు తగ్గవచ్చు. రాయి మధ్య రంధ్రంలో షాఫ్ట్ చుట్టూ ఉండే బుష్ వదులైతే టేపు చుట్టకండి, సరైన సైజు బుష్ వేయండి.

పైకీ కిందికీ ఎగరడం మిగిలితేనే డ్రెస్సర్ పని. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకొని, పలచగా, తొందర లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. బరువైన పక్కను ఉలితో చెక్కడం మాత్రం పిచ్చిపని. చిన్న రాళ్లకు గుండ్రం కుదిరితే తూకం కూడా చాలావరకు కుదురుతుంది.

రాయి అరిగింది కాబట్టి రెస్టు ముందుకు జరపాలి: సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, పై గార్డు దగ్గర 6. మెడలో తువ్వాలు, చేతి గ్లౌజులు తీసేసి, స్విచ్ వేశాక ఒక నిమిషం పక్కన నిలబడండి. ఎదురుగా కాదు.